తెలుగు తెరపై బేతాళ కథ

బేతాళ పంచవింశతి సంస్కృతంలో ఇరవై ఐదు చిక్కుకథల సంపుటి. శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని రాజు భుజాన వేసుకుని బయలుదేరతాడు. శవంలో చేరిన బేతాళుడు దారిలో కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రాజు వెనక్కి నడవాల్సిందే. కథలన్నిటినీ కలిపి ఉంచే దారం ఇది. 11వ శతాబ్దపు కాశ్మీర కవి సోమదేవుడి కథాసరిత్సాగరంలోనూ, అతనికి కాస్త ముందువాడైన క్షేమేంద్రుడి బృహత్కథామంజరిలోనూ ఇవి కనిపిస్తాయి. శివదాసు, జంభలదత్తుల పేరిట విడి పాఠాలూ ఉన్నాయి. ఆధునిక కాలంలో ఈ కథ సినిమా అయింది, టీవీ ధారావాహిక అయింది, పిల్లల పత్రికలో నెలనెలా వచ్చే శీర్షిక అయింది. ఆ రూపాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మూలకథలో రెండు పోగులు కలిసి ఉన్నాయి: రాజు కోసం భిక్షువు పన్నిన ఉచ్చు ఒకటి, బేతాళుడి ప్రశ్న రెండోది. తెలుగు సినిమా ఉచ్చును తీసుకుని ప్రశ్నను వదిలేసింది. ప్రశ్న చందమామలో స్థిరపడింది. ఆ సినిమాలన్నిటిలో పేరెన్నికగన్నదీ, ఆ పత్రికా ఒకే ఇంటి నుంచి రావడం వల్ల ఈ విభజనను కాకతాళీయమని తోసిపుచ్చలేం.

మూలకథలో ఉచ్చు ఎలా ఉంటుందో ముందు చూడాలి, ఎందుకంటే చాలామందికి గుర్తుండేది శవం, చెట్టు, భుజం మాత్రమే. సోమదేవుడు కథను గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురంలో పెట్టాడు. అక్కడి రాజు పేరు త్రివిక్రమసేనుడు. తరవాతి సంప్రదాయం అతన్ని విక్రమార్కుడిగా గుర్తుపెట్టుకుంది. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ కొలువుకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి పోతుంటాడు. రాజు దాన్ని కోశాధికారి చేతికి అందించి మరిచిపోతుంటాడు. ఒకరోజు కోతి ఒకటి ఆ పండును కొరికితే లోపల నుంచి రత్నం బయటపడుతుంది. ఇన్ని రత్నాలు ఇచ్చినవాడు ఏం కోరతాడని రాజు అడిగితే, శ్మశానంలో తాను చేసే సాధనకు ఒక వీరుడి సాయం కావాలంటాడు. శవాన్ని తెచ్చిపెట్టడమే ఆ సాయం. ప్రశ్నల మీద ప్రశ్నలకు జవాబులు చెబుతూ వచ్చిన రాజు చివరి చిక్కు దగ్గర ఆగిపోతాడు. ఒక తండ్రీకొడుకుల్లో తండ్రి ఒక తల్లీకూతుళ్ళలో కూతుర్నీ, కొడుకు తల్లినీ పెళ్ళాడితే వాళ్ళ బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారన్నది ఆ చిక్కు. రాజుకు జవాబు తోచదు కాబట్టి మౌనం చెడదు. అప్పుడు బేతాళుడు మెచ్చి అసలు సంగతి విప్పుతాడు: భిక్షువు బలి ఇవ్వదలచింది రాజునే, సాష్టాంగపడమని అతను అడిగితే, ఎలా పడాలో చూపమని నువ్వు అడుగు, అతను పడగానే తల నరుకు. రాజు అలాగే చేస్తాడు. అంటే ప్రశ్నలు కేవలం దారిఖర్చు కావు. జవాబులు చెప్పగలిగిన బుద్ధికీ, తోచనప్పుడు ఊరుకోగలిగిన నిగ్రహానికీ కలిపి బేతాళుడు ఇచ్చిన బహుమానమే ఆ రహస్యం. ఉచ్చు తెగేది ప్రశ్న వల్లనే.

ఈ కథను రక్తపిశాచి కథల వరసలో చేర్చడం మీద ఒక అభ్యంతరం సహజంగా వస్తుంది. బేతాళుడు ఎవరి రక్తమూ తాగడు, ఎవరి మెడా కొరకడు. పైగా చివరికి రాజుకు మేలే చేస్తాడు. నిజమే. అయినా ఈ చుట్టరికం ఇప్పుడు కల్పించింది కాదు. రిచర్డ్ బర్టన్ 1870లో ఈ కథల్లో పదకొండింటిని ఇంగ్లీషులో స్వేచ్ఛగా తిరగరాసి ‘విక్రం అండ్ ద వాంపైర్’ అనే పేరుతో ప్రచురించాడు. డ్రాకులా నవల రాసిన బ్రామ్ స్టోకర్‌కు బర్టన్ స్వయంగా తెలుసు. నటుడు హెన్రీ ఇర్వింగ్ జ్ఞాపకాల పుస్తకంలో బర్టన్ ముఖాన్ని వర్ణిస్తూ, మాట్లాడేటప్పుడు మెరిసే అతని కోరపన్నును స్టోకర్ ప్రత్యేకంగా పేర్కొన్నాడు. దీన్నిబట్టి డ్రాకులా మన బేతాళుడి మనవడని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. నవలకు తూర్పు ఐరోపా నమ్మకాలు, అంతకుముందే ఇంగ్లీషులో వచ్చిన రక్తపిశాచి కథలు చాలినంత సామగ్రి ఇచ్చాయి. ఇద్దరికీ నిజంగా ఉమ్మడిగా ఉన్నది వేరు: చచ్చిన దేహంలో కదిలే ప్రాణం, రాత్రి, ఆ దేహంతో ఒంటరిగా వేగాల్సిన బతికినవాడు. ఇంకో పోలిక కూడా ఉంది, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. రెండు గ్రంథాల్లోనూ కథ ఎంత ముఖ్యమో కథ చెప్పే పద్ధతి అంత ముఖ్యం. రెండిటినీ తెరకెక్కించినవాళ్ళు మొట్టమొదట వదులుకున్నది ఆ పద్ధతినే.

1897లో అచ్చయిన డ్రాకులా నవలలో కథకుడంటూ ఒకడు లేడు. జొనాథన్ హార్కర్ దినచర్య, మీనా ఉత్తరాలు, డాక్టర్ సెవార్డ్ ఫోనోగ్రాఫులో చెప్పుకున్న మాటలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు: వీటన్నిటినీ పాత్రలే పోగుచేసి, వరసలో పెట్టి, చదివి శత్రువును పట్టుకుంటారు. రక్తపిశాచిని వేటాడే ఆయుధాల్లో టైపురైటరు కూడా ఒకటి. కౌంట్ మాత్రం ఈ కాగితాల్లో అరుదుగానే ఎదురవుతాడు, ఆయన రాసుకున్న దినచర్య ఏదీ మనకు దొరకదు. 1922లో ఎఫ్.డబ్ల్యు. ముర్నావ్ జర్మనీలో తీసిన ‘నోస్ఫెరాటు’ ఈ అమరికను తలకిందులు చేసింది. కాగితాలు వెనక్కి పోయాయి, పిశాచి ముందుకు వచ్చాడు. హక్కులు కొనలేదు కాబట్టి పేర్లు మార్చి కౌంట్‌ను ఓర్లాక్ అన్నారు. మాక్స్ ష్రెక్ బట్టతల, గోళ్ళు, ఎలుక పళ్ళు నేటికీ ఆ సినిమాకు గుర్తు. స్టోకర్ భార్య ఫ్లోరెన్స్ దావా వేస్తే కాపీలను నాశనం చేయాలని కోర్టు తీర్పు వచ్చింది, కొన్ని ఎలాగో మిగిలిపోయాయి. 1931లో యూనివర్సల్ సంస్థకు టాడ్ బ్రౌనింగ్ తీసిన ‘డ్రాకులా’ నవల కంటే దాని రంగస్థల రూపాన్నే ఎక్కువ ఆశ్రయించింది. బేలా లుగోసీ వేసుకున్న విందు దుస్తులు, పై అంగీ అక్కడి నుంచి వచ్చినవే. అదే సెట్లలో రాత్రిపూట జార్జ్ మెల్ఫర్డ్ స్పానిష్ రూపం తీశాడు. అది దాదాపు అరగంట ఎక్కువ నిడివి ఉంటుంది, కెమెరా కదలికలోనూ మేలైనదని చాలామంది విమర్శకుల అభిప్రాయం. ఆ అభిప్రాయం సరైనదే అనిపిస్తుంది, అయితే లుగోసీ దగ్గర ఉన్నదేదో అక్కడి కార్లోస్ విల్లారియాస్ దగ్గర లేదు.

తరవాతి సినిమాలన్నీ ఈ దారినే నడిచాయి. 1958లో హ్యామర్ సంస్థకు టెరెన్స్ ఫిషర్ తీసిన రంగుల సినిమాలో క్రిస్టఫర్ లీకి దక్కిన సంభాషణలు అతి తక్కువ. 1966 నాటి కొనసాగింపులో ఆయన ఒక్క మాటా పలకడు. 1967లో లాహోరులో ఖ్వాజా సర్ఫరాజ్ తీసిన ‘జిందా లాష్’లో పిశాచి ఒక ప్రొఫెసరు, చావును జయించాలని తానే కలుపుకున్న రసాయనం తాగి ఆ గతి పట్టినవాడు. 1990లో రామ్సే సోదరులు ‘బంద్ దర్వాజా’తో హిందీకి తమ గబ్బిలం మనిషిని తెచ్చారు. 1992లో కొప్పోలా తన సినిమా పేరులోనే స్టోకర్‌ను పెట్టుకుని దినచర్యలనూ ఉత్తరాలనూ కొంతవరకు వెనక్కి తెచ్చాడు, కానీ అదే చేత్తో నవలలో లేని జన్మజన్మల ప్రేమకథను జోడించాడు. 2024లో రాబర్ట్ ఎగ్గర్స్ మళ్ళీ ముర్నావ్ దగ్గరికే వెళ్ళాడు. పిశాచి చావును గమనిస్తే ఈ స్వేచ్ఛ ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. నవలలో కౌంట్ కత్తిపోట్లకు పోతాడు, పగటి ఎండలో తిరగగలడు కూడా. ఎండ తగిలి నశించడం ముర్నావ్ సినిమా కల్పన. వెలుగుతో బొమ్మ కట్టే మాధ్యమం తన దుష్టుణ్ణి వెలుగుతోనే చంపుకుంది. ఆ కల్పన ఎంత బలంగా నాటుకుందంటే నవల చదవనివాళ్ళు అది స్టోకర్ మాటే అనుకుంటారు.

తెలుగు తెర దగ్గరికి వస్తే, బేతాళ కథకు మొదటి పెద్ద వారసుడు ఆ పేరే ఎత్తని సినిమా. 1951లో విజయా ప్రొడక్షన్స్ పతాకం మీద కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడికి దేవి శక్తి కావాలంటే ఒక సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. ఉజ్జయిని తోటమాలి కొడుకు రాముడికి రాకుమారిని చేసుకోవాలంటే ధనం కావాలి. ఒకరి ఆశకు ఇంకొకరి ఆశ ఎర. కోరిక తీరుస్తానని వీరుణ్ణి పిలిచి అతని తలే కోరే సాధకుడు, చివరి ఘడియలో రహస్యం తెలుసుకున్న వీరుడు ఆ సాధకుణ్ణే బలి ఇవ్వడం: ఇది క్షాంతిశీలుడి కథే. కథ ఉజ్జయినిలో జరగడం కూడా విక్రమార్కుడి నీడే అనుకోవచ్చు. అయితే రహస్యం రాముడికి ఎవరు చెప్పారు? స్నానానికి దిగిన మడుగులో ఎదురైన మొసలి. దాన్ని అతను పోరాడి చంపితే శాపం తీరి, అసలు రూపం దాల్చి, మాంత్రికుడి పన్నాగం బయటపెడుతుంది. మూలంలో రాజు బుద్ధితోనూ మౌనంతోనూ సంపాదించుకున్న రహస్యాన్ని రాముడు కండబలంతో సంపాదించుకున్నాడు. ప్రశ్న ఉండాల్సిన చోట మొసలి వచ్చి కూర్చుంది. ఎన్.టి. రామారావును జానపద వీరుడిగా నిలబెట్టిన సినిమా ఇది. ఆ వీరుడి నమూనాలో మొదటి గీత ఇక్కడే పడింది: చిక్కు ఎదురైతే ఆలోచించి విప్పేవాడు కాదు, దూకి తెంపేవాడు.

ఈ వారసత్వానికి గట్టి అభ్యంతరమే ఉంది. పాతాళ భైరవికి ఆధారం బేతాళ కథలు కావు, మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథలని ప్రసిద్ధి. కోరింది ఇచ్చే బొమ్మ, మాయమయ్యే మేడ అరేబియన్ నైట్స్‌లోని అల్లావుద్దీన్ కథను గుర్తుచేస్తాయి. పింగళి నాగేంద్రరావు ఈ రెండిటి నుంచీ తీసుకుని కథ అల్లాడు. ఇందులో కాదనడానికి ఏమీ లేదు. కానీ అల్లావుద్దీన్ కథలో బలి తిరగబడే ఘట్టం లేదు. అక్కడ మాంత్రికుడు కుర్రాణ్ణి గుహలో పెట్టి మూసేస్తాడంతే. బలి ఇవ్వబోయినవాడు బలి కావడం మన కథా సంప్రదాయంలో బేతాళ కథ చట్రం ద్వారా నాటుకున్న ఘట్టం, అది ఏ చేతుల మీదుగా పింగళిని చేరినా దాని చిరునామా అదే. పైగా కాశీ మజిలీల ఆధారం నా వాదానికి అడ్డు రాకపోగా బలమిస్తుంది. మణిసిద్ధుడనే యతి కాశీయాత్రలో తన వెంట వచ్చే గోపుడికి మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పడం ఆ గ్రంథం నడక. అక్కడా నడుస్తూ వినే కథలే, అక్కడా కథకు కారణం వినేవాడి ప్రశ్నే. సినిమా మణిసిద్ధుణ్ణీ గోపుణ్ణీ ఇద్దర్నీ ఇంటిదగ్గరే దింపేసి, వాళ్ళు చెప్పుకున్న కథలో సరుకు మాత్రం పట్టుకుపోయింది. స్టోకర్ కాగితాలకు పట్టిన గతే మణిసిద్ధుడికీ పట్టింది.

పాతాళ భైరవిలో బేతాళుడు లేడన్నాను, కానీ శవం ఉంది. తల తెగిన మాంత్రికుడి కళేబరాన్ని శిష్యుడు సదాజపుడు వెతికి పట్టుకుని సంజీవనితో బతికిస్తాడు. మాంత్రికుడు చావు నుంచి లేచివచ్చి రాకుమారిని తన గుహకు ఎత్తుకుపోతాడు. రెండో సగమంతా చచ్చి లేచినవాడి కథే, మొదటి సగం కంటే అందులోనే డ్రాకులా పోలిక ఎక్కువ. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో ఆ గుహ నీడలు కూడా జర్మన్ మూకీల నీడలకు దూరపు చుట్టాల్లా ఉంటాయి. బేతాళుడు చేయాల్సిన పని రెండుగా చీలింది: హెచ్చరించే పని మొసలికి, భయపెట్టే పని మాంత్రికుడికి దక్కాయి. ఎస్.వి. రంగారావు ఆ రెండో భాగాన్ని ఎంత నిండుగా పోషించారంటే ప్రేక్షకుడికి లోటు తెలియలేదు. ఆ సినిమాలో మాటకారి కూడా మాంత్రికుడే. జనం నోట నిలిచిన సంభాషణల్లో పెద్ద వాటా ఆయనదే, రాముడిది కాదు. మాట దుష్టుడికి, పోరాటం వీరుడికి అని తెలుగు జానపద సినిమా చేసుకున్న పంపకం అప్పటి నుంచి చాలాకాలం చెల్లింది.

ఇప్పుడు అదే ఇంటి రెండో గదిలోకి వెళ్ళాలి. విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామ ప్రారంభించారు. సినిమాలు తీయడం ఆ తరవాతి సంగతి, మొదటిది ‘షావుకారు’ 1950లో వచ్చింది. 1952 నుంచి 1980లో చనిపోయేవరకు చందమామకు వెనక ఉండి నడిపినవాడు కొడవటిగంటి కుటుంబరావు. దాసరి సుబ్రహ్మణ్యం వంటివారు ఆయనకు తోడు. పత్రికలో బేతాళ కథ నెలనెలా తప్పని శీర్షిక అయింది. ఇక్కడ జరిగిన ఎంపిక సినిమాకు సరిగ్గా తలకిందులు. భిక్షువు దాదాపు మాయమయ్యాడు. ఎందుకీ శ్రమ అని బేతాళుడు రాజును అడుగుతాడే కాని, శ్మశానానికి అవతల ఎవరు ఎదురుచూస్తున్నారో పాఠకుడికి పట్టదు. మూలంలోని ఇరవై ఐదు కథలు అయిపోయాక చట్రం ముగియాలి, పత్రిక ముగించలేదు. కొత్త కథలు పుట్టించి అదే చట్రంలో పొదుగుతూ దశాబ్దాల తరబడి నడిపింది, మూలానికి ఎన్నో రెట్లు కథలు వచ్చాయి. ఉచ్చు ఎన్నటికీ తెగలేదు, ఎందుకంటే అది అసలు బిగుసుకోలేదు. శంకర్‌గా పేరుపొందిన చిత్రకారుడు కె.సి. శివశంకరన్ గీసిన బొమ్మలో రాజు కత్తి పట్టుకుని, భుజాన శవంతో, ఎముకలూ పుర్రెల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటాడు. గమ్యం బొమ్మలో లేదు. శంకర్ 2020లో కన్నుమూసినప్పుడు దేశమంతా గుర్తుచేసుకున్నది ఆ బొమ్మనే.

ఒకే యాజమాన్యం, దాదాపు ఒకే కాలం, ఒకే కథ. తెరకు ఒక సగం, అచ్చుకు ఒక సగం. దీన్ని ఎవరో కూర్చుని నిర్ణయించారని చెప్పడం లేదు. మాధ్యమాల స్వభావంలోనే కారణాలున్నాయి. ప్రశ్న పనిచేయాలంటే చదువరి ఆగాలి. రాజు జవాబు చదవడానికి ముందు పుస్తకం మూసి తనదైన జవాబు ఒకటి చెప్పుకోవాలి. థియేటర్లో రీలు ఆగదు. కథలో కథ చెప్పినంతసేపూ విక్రమార్కుడు తెర మీద ఉండడు, రామారావు బొమ్మ చూసి టికెట్టు కొన్నవాణ్ణి అంతసేపు ఆయన లేకుండా కూర్చోబెట్టడం ఏ నిర్మాతా ఒప్పుకోని పని. అన్నిటికంటే పెద్ద చిక్కు మౌనం. మాట్లాడితే ఓడిపోయే కథానాయకుణ్ణి, సంభాషణలకూ పాటలకూ జనం వచ్చే టాకీలో ఎలా నిలబెట్టాలి? ఈ మూడూ కలిసి ప్రశ్నను తెర నుంచి తరిమేశాయి. 1960లో జంపన చంద్రశేఖరరావు తీసిన ‘భట్టి విక్రమార్క’ ఇందుకు మంచి సాక్ష్యం. విక్రమార్కుడే నేరుగా కథానాయకుడైన సినిమా అది, రామారావు విక్రమార్కుడు, కాంతారావు భట్టి, అంజలీదేవి కథానాయిక, పెండ్యాల సంగీతం. పేరులో విక్రమార్కుడి పక్కన నిలిచింది బేతాళుడు కాదు, భట్టి. తెలుగులో విక్రమార్క చరిత్రలకు 15వ శతాబ్దపు కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక నాటి నుంచీ పెద్ద సంప్రదాయమే ఉంది. సినిమా ఆ సాహస పరంపర నుంచి తీసుకుంది. మాంత్రికుడు మళ్ళీ రంగారావే. ఆ సినిమా ఈనాటికీ బతికి ఉన్నదంటే పెండ్యాల పాటల వల్లనే.

తెలుగు తెర తన భయానక పురుషుణ్ణి మాంత్రికుడిలోనే చూసుకుందనడానికి బాలనాగమ్మ కథ మరో ఆధారం. బుర్రకథగా ఊరూరా తిరిగిన ఈ కథను 1942లో జెమినీ సంస్థకు సి. పుల్లయ్య తీశారు. కాంచనమాల బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ, పుష్పవల్లి సంగు. అదే ఏడాది ‘శాంత బాలనాగమ్మ’ పేరుతో ఎస్. వరలక్ష్మి నటించిన పోటీ సినిమా కూడా వచ్చింది, జెమినీ ముందు నిలవలేదు. 1959లో వేదాంతం రాఘవయ్య మళ్ళీ తీసినప్పుడు మాయల మరాఠీ పాత్ర రంగారావుకు వెళ్ళింది. 1951, 1959, 1960: తొమ్మిదేళ్ళలో మూడు పెద్ద మాంత్రికులు ఒకే నటుడివి. లుగోసీకీ క్రిస్టఫర్ లీకీ పిశాచి పాత్ర ఎలా అంటుకుపోయిందో రంగారావుకు మాంత్రికుడు అలా అంటుకున్నాడు. తేడా ఏమిటంటే ఆయన దాన్ని వదిలించుకుని తాతయ్యగానూ ఘటోత్కచుడిగానూ మెప్పించగలిగాడు. మాయల మరాఠీకీ కౌంట్‌కూ పోలికలు వెతకనక్కర్లేదు, కళ్ళముందే ఉన్నాయి. పరాయి ఇంటి ఇల్లాలిని ఎత్తుకుపోయి తన కోటలో పెట్టుకోవడం, దేహాన్ని ఎంత కొట్టినా చావకపోవడం. ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది, చిలక మెడ విరిస్తేనే అతను పోతాడు. ఇక్కడొక ఆశ్చర్యం: పాశ్చాత్య దర్శకులు కౌంట్ చావును సినిమా సినిమాకూ మార్చుకుంటూ పోయారు, మనవాళ్ళు చిలకను మాత్రం ముట్టుకోలేదు. బుర్రకథ విన్న ప్రేక్షకుడికి ముగింపు ముందే తెలుసు, దాన్ని మార్చితే ఊరుకోడు. అందువల్ల మార్పులన్నీ నటనలోకి, సంగు లాంటి పక్కపాత్రల్లోకి, పాటల్లోకి వెళ్ళాయి. సుబ్బారావు, రంగారావుల మరాఠీలను పోల్చి వాదించుకున్న పాతతరం ప్రేక్షకులు నిజానికి రెండు అనుసరణలను పోల్చారు. అసలు పడగ్గదిలోకి వచ్చి ప్రాణం తీసే మనిషి కావాలంటే, 1980 నాటి ‘పున్నమి నాగు’లో చిరంజీవి వేసిన నాగులు ఉన్నాడు. తండ్రి చిన్ననాటి నుంచి విషం తినిపించి పెంచినవాడు, పున్నమి రాత్రుల్లో అతని దగ్గరికి చేరిన స్త్రీలు చచ్చిపోతారు. కన్నడ సినిమా నుంచి వచ్చిన ఆ కథకు బేతాళ సంప్రదాయంతో సంబంధం లేదు, అయినా తెలుగులో డ్రాకులాకు దగ్గరి బంధువు అతనే.

ప్రశ్నకు తెర మీద చోటే లేదని తీర్మానించడం మాత్రం తొందరపాటు. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌కు తీసిన ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ ఆ తీర్మానాన్ని సగం కొట్టేసింది. అరుణ్ గోవిల్ రాజు, సజ్జన్ బేతాళుడు. వారానికి ఒక కథ, ఒక ప్రశ్న. ధారావాహికకు పత్రిక స్వభావమే ఉంది. ఆగుతుంది, మళ్ళీ వస్తుంది, వారం రోజులు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. మాయలు చవకబారుగా ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు. బేతాళుడి నవ్వూ ప్రశ్నా కలిసి పనిచేశాయి. రెండేళ్ళ తరవాత అదే గోవిల్ రాముడై దేశం చేత పూజలందుకున్నాడు కాబట్టి ఈ చిన్న ధారావాహిక మరుగున పడింది. దానికి అంతకంటే ఎక్కువ గుర్తింపే దక్కాల్సింది. అంటే అడ్డు తెర కాదు, మూడు గంటల తార సినిమా.

మిగతా సగాన్ని 2017 నాటి తమిళ చిత్రం ‘విక్రమ్ వేదా’ కొట్టేసింది. పుష్కర్–గాయత్రి దంపతులు విక్రమార్కుణ్ణి ఎన్‌కౌంటర్లు చేసే పోలీసు అధికారిగా, బేతాళుణ్ణి దొరికినట్టే దొరికి జారిపోయే గూండాగా చేశారు. మాధవన్ విక్రమ్, విజయ్ సేతుపతి వేదా. వేదా పట్టుబడిన ప్రతిసారీ ఒక కథ చెప్పి ఒక ప్రశ్న అడిగి తప్పించుకుంటాడు. ఇది తార సినిమాయే, ప్రశ్న తార సినిమాలో ఇమడదన్న మాటకు ఇది ఎదురు సాక్ష్యమని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. ఎలా ఇమిడిందో కూడా చూడాలి. మూలంలో చిక్కుకథలు ఎవరెవరో బ్రాహ్మణ యువకులవీ వణిక్కులవీ. రాజు వాటికి బయట ఉండి తీర్పు చెబుతాడు. ఇక్కడ ప్రతి కథా వేదా జీవితంలోది, ప్రతి జవాబూ విక్రమ్ నడుపుతున్న కేసును ఇంకో మలుపు తిప్పుతుంది. రెండో పాత్రకు సమానమైన తార దొరకడంతో కథ చెప్పేవాడు తెర మీదే ఉండగలిగాడు. అంతకంటే ముఖ్యం, దర్శకులు ఉచ్చును కూడా వదల్లేదు. విక్రమ్ ధర్మమనుకుని మోస్తున్న బరువు ఇంకొకరి పని. అతని తోటి పోలీసులే ప్రత్యర్థి ముఠా డబ్బుకు అమ్ముడుపోయి అతన్ని వాడుకుంటున్నారు. ఆ సంగతి అతనికి తెలిసేది వేదా ప్రశ్నల వల్లనే. క్షాంతిశీలుడు తిరిగి వచ్చాడు, యూనిఫాం వేసుకుని. 1951లో విడిపోయిన ఉచ్చు, ప్రశ్న మళ్ళీ కలిశాయి. అదే దంపతులు 2022లో హృతిక్ రోషన్, సైఫ్ అలీ ఖాన్‌లతో హిందీలో తీసినప్పుడు కూడా ఆ అల్లికను కదపలేదు.

2025లో వచ్చిన హిందీ చిత్రం ‘థామా’ మాత్రం వేరే దారి పట్టింది. ఆదిత్య సర్పోత్‌దార్ దర్శకత్వంలో ఆయుష్మాన్ ఖురానా, రష్మిక నటించిన ఆ చిత్రంలో బేతాళులు ఒక జాతి. కోరలున్న, రక్తం తాగే, చావులేని జాతి. బర్టన్ పుస్తకం పేరులో చూపిన చుట్టరికాన్ని నూటయాభై ఏళ్ళు దాటాక సినిమా అక్షరాలా నిజం చేసింది. చెట్టు, శవం, మౌనం, చిక్కు ఏవీ అందులో కథను నడిపించవు. నవ్వూ భయమూ కలిపిన వినోదంగా అది తన లెక్కలో తాను సరిగానే ఉండవచ్చు. బేతాళ కథకు అనుసరణగా చూస్తే, పాతాళ భైరవి కనీసం దాచుకున్న ఉచ్చును కూడా అది వదిలేసింది.